టమాట ఆకుకు తెగులు, పిల్ల చేతికి నింద

మొక్కకు రోగం వస్తే మన ఇళ్లలో ముందు ఆకును తిప్పి చూడరు. ఇంట్లో ఎవరు ఎక్కడ తిరిగారు, ఎవరు ఏం ముట్టుకున్నారు అని ఆరా తీస్తారు. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను. ఆ కోపం తగ్గించుకునే ఉద్దేశం కూడా నాకు లేదు.

మాది హనుమకొండలో సుబేదారి వైపు ఒక పాత మేడ. కింద అత్తమ్మ, మామయ్య ఉంటారు. పైన మేము. వంటిల్లు మాత్రం కిందే, అందరికీ ఒక్కటే. మా ఆయనకు వరంగల్ బజార్లో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. అది మామయ్య పెట్టిందే, ఆయన మోకాళ్లు మొరాయించాక మా ఆయన చేతికొచ్చింది. మాకు ఒక్కతే అమ్మాయి, తొమ్మిదో తరగతి చదువుతోంది.

డాబా మీద టమాట తోట అమ్మాయిది. ఈ సంగతి మొదటే చెప్పాలి, ఎందుకంటే తర్వాత ఇంట్లో అందరూ దాన్ని మర్చిపోయారు. వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో, కూరగాయల బుట్టలో మెత్తబడిన టమాటలను నేను పారేయబోతుంటే ఆపి, గుజ్జు పిండి, గింజలు కడిగి, పేపరు మీద ఆరబెట్టుకుంది. పెరుగు డబ్బాల్లో నారు పోసింది. మొలకలు లేచిన రోజు స్కూలు బస్సు తప్పిపోయింది కూడా. పిట్టగోడ వెంట ఉన్న సిమెంటు కుండీల్లో నాటింది. మిగిలిన నారు పారేయడానికి మనసొప్పక, నీళ్ల ట్యాంకు వెనక పాత పెయింట్ డబ్బాల్లో పెట్టింది. పొద్దున పళ్లు తోముకోకముందే పైకి, స్కూలు నుంచి రాగానే బ్యాగు మెట్ల మీద పడేసి పైకి. చదువు మీద ఈ శ్రద్ధ ఉంటే బాగుండును అని నేనే ఎన్నిసార్లో విసుక్కున్నాను.

సాయంత్రం చాయ్ తాగాక మామయ్య మెల్లగా మెట్లెక్కి వచ్చేవారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, అరచేతిలో తంబాకు, సున్నం వేసి బొటనవేలితో బాగా నలిపి, బుగ్గన పెట్టుకునేవారు. తర్వాత ఆయనకు చేతులు ఊరుకోవు. కుండీ కుండీకి వంగి, ఆకులు తడిమి, పిలకలు గిల్లి చూసేవారు. మనసు మంచిదే, పిల్లంటే ప్రాణమే. ఆయన వచ్చి కూర్చుంటే అమ్మాయికి కూడా సంబరంగానే ఉండేది.

మొదటి పూత వచ్చిన రోజుల్లో ఒక పొద్దున అమ్మాయి ఒక ఆకు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, గీ ఆకు జర ఎట్లనో ఉన్నది సూడు."

నేను పొయ్యి మీద ఉన్నాను. చేయి తుడుచుకుని వచ్చేలోపే అత్తమ్మ ఆ ఆకును చూశారు. ఆకును కాదు, ఆకు పట్టుకున్న పిల్లను చూశారు.

"నువ్వు మొన్నటి సంది బయటున్నవ్ గదనే? మీదికి పోయినవా?"

"పోయిన బాపమ్మా. నీళ్లు పోసిన."

"చెట్లను ముట్టుకున్నవా?"

"ముట్టుకోకుండ నీళ్లు ఎట్ల పోస్తరు?"

పిల్ల అబద్ధం చెప్పడం నేర్చుకోలేదు. అదే దాని నేరమైపోయింది. అత్తమ్మ ఆ ఆకును అది పట్టుకున్న చేతిలోంచి తీసుకోను కూడా తీసుకోలేదు. "అగో, అందుకే మాడిపోతానయ్. ఆ చేతితోటి పూతకొచ్చిన చెట్టును ముట్టుకుంటరా ఎక్కడన్న?" అని, తేలిగ్గా, ఉప్పు ఎక్కువైందని చెప్పినంత తేలిగ్గా చెప్పి లోపలికి వెళ్లిపోయారు. రోగం ఏమిటో, ఎందుకొచ్చిందో, ఎవరు తెచ్చారో అన్నీ తేలిపోయాయి.

మా ఇంట్లో నెలసరి రోజుల్లో దేవుడి గదిలోకి పోకూడదు, పచ్చడి జాడీ ముట్టకూడదు, తులసి కోట దగ్గరికి, మల్లె తీగ దగ్గరికి వెళ్లకూడదు. పెళ్లయిన నాటి నుంచి నేనూ ఆ పద్ధతిలోనే నడుస్తున్నాను. నచ్చి కాదు, నెలనెలా పోట్లాడే ఓపిక లేక. కానీ ఈ పట్టీలో టమాట ఎప్పుడూ లేదు. టమాటను ఎవరు చేర్చారని అడిగితే, "పూత పూసే ఏ చెట్టుకైన అంతే" అన్నారు. మరి ఊళ్ల చుట్టూ చేన్లలో కలుపు తీసేదీ, మిరపకాయ ఏరేదీ, పత్తి తీసేదీ ఆడవాళ్లే కదా. నెలకు కొన్ని రోజులు వాళ్లందరూ చేను దిగకపోతే కేసముద్రం మార్కెట్‌కు ఒక్క బస్తా అయినా వస్తుందా? ఈ ప్రశ్న ఆ రోజు నోటి దాకా వచ్చింది. అత్తమ్మ అప్పటికే దేవుడి గదిలో ఉన్నారు.

ఆ రోజు నుంచి తోట మామయ్యది అయింది. "పిల్ల దూరం ఉంటది, నేను చూసుకుంట తియ్" అన్నారు ఆయన, ఉపకారం చేస్తున్నట్టుగా. అత్తమ్మ పైకి వెళ్లి కుండీలకు ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశారు. పిట్టగోడకు నిమ్మకాయ కట్టారు. మామయ్య రోజూ పక్క పిలకలు గోటితో గిల్లి, కొమ్మలకు కర్రలు పాతి, పాత చీర పేలికలతో కట్టారు. ఇంత వయసులో మెట్లెక్కి ఎంత కష్టపడుతున్నారో అని వచ్చిన చుట్టాలంతా మెచ్చుకున్నారు. తోట వేసిన పిల్ల కింద గదిలో కూర్చుని సోషల్ బుక్కు తిరగేస్తూ ఉంది.

రోగం మాత్రం తగ్గలేదు. ఒక కుండీ నుంచి పక్క కుండీకి, దాని నుంచి పక్కదానికి నడుచుకుంటూ పోయింది. పిల్ల నెలసరి అయిపోయి, తలస్నానం చేసి, అంతా మామూలై, ఇంకా చాలా రోజులు గడిచినా అది ఆగలేదు. ఏ బుర్ర ఉన్నవాళ్లకైనా అక్కడే అనుమానం రావాలి. మా ఇంట్లో వచ్చింది వేరే ఆలోచన. "ఒక్కసారి తగిలితే అంత తొందరగ పోదు. చెట్లు కోలుకునేదాక మొత్తానికే మీదికి పోకు బిడ్డా" అన్నారు అత్తమ్మ. నెలకు కొన్ని రోజుల నిషేధం కాస్తా అన్ని రోజులకూ అయిపోయింది.

మా ఆయనతో అన్నాను. ఆయన దుకాణం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు.

"అమ్మ సంగతి నీకు తెల్వదా? రెండు రోజులు పోతే మర్శిపోతది. మీ ఇద్దరి నడిమిట్ల నన్ను గుంజకు."

"నడిమిట్ల ఉన్నది నీ బిడ్డ" అన్నాను.

"టమాటల కోసం గింత లొల్లి అవసరమా చెప్పు" అని టవల్ అందుకున్నారు. దుకాణంలో ఎవరైనా గిన్నెకు సొట్ట ఉందంటే పది నిమిషాలు తిప్పి తిప్పి చూసే మనిషి ఈయన.

మర్నాడు ఒక రోగపు ఆకును కవరులో వేసుకుని వరంగల్‌లో పురుగుమందులు అమ్మే ఒక దుకాణానికి వెళ్లాను. నా ముందు పల్లెటూరి రైతులు నిలబడి ఉన్నారు. చొక్కా జేబులోంచి ఒకాయన మిరప ఆకు తీశాడు. జేబులో ఒత్తుకుపోయి, చెమటకు నాని, అది ఏ ఆకో కూడా తెలియకుండా ఉంది. దుకాణదారు కౌంటరు అవతల నుంచే దాని వైపు ఒక్క చూపు చూసి, సీసాలు దించాడు. మూడు కలిపి కొట్టమన్నాడు. రైతు తల ఊపి పట్టుకుపోయాడు. మనిషికి జ్వరమొస్తే దవాఖానలో నాలుక చూస్తారు, నాడి చూస్తారు. చేనుకు జ్వరమొస్తే జేబులో నలిగిన ఆకు, కౌంటరు అవతలి నుంచి ఒక చూపు, అంతే.

నా వంతు వచ్చింది.

"ఎన్ని ఎకరాలమ్మా?"

"ఎకరాలు కాదన్నా, డాబా మీద కుండీలు."

అతను నవ్వాడు. కవరు విప్పలేదు. పైనుంచే చూసి, "వైరస్సో, దోమో ఉంటది. ఇగో, గీ రెండు కలిపి కొట్టుండ్రి" అన్నాడు.

"వైరస్సా, దోమా? రెంటికి ఒక్కటే మందా?"

"ఏదున్నా పోతదమ్మా." సీసాలు సంచిలో పెడుతూ ఇంకో మాట కలిపాడు. "ఇంట్ల ఆడపిల్లలు ఉంటే జర ఆ దినాలల్ల చెట్ల దిక్కు పోకుండ చూసుకోండ్రి. లేకుంటే ఏ మందు కొట్టినా ఫాయిదా ఉండది."

సీసాలు అక్కడే వదిలేసి వచ్చాను. ఆటో ఎక్కేదాకా నా చెవులు వేడిగానే ఉన్నాయి. విషం అమ్ముకునే మనిషి, ఆ విషం పనిచేయకపోతే నెపం వేయడానికి ఒక ఆడపిల్లను కూడా సీసాతో పాటే ఇచ్చి పంపుతున్నాడు.

ఇంత జరిగినా నేను ఇంకా మాటలతోనే సరిపెట్టుకుంటున్నాను. నన్ను కదిలించింది ఒక చిన్న సంగతి. ఆ సాయంత్రం పాలు కాచి చల్లార్చి, "ఇందులో జర తోడు వెయ్యి బిడ్డా" అని అమ్మాయికి చెప్పాను. అది గిన్నె దాకా వచ్చి ఆగిపోయింది.

"నువ్వే వెయ్యమ్మా. నేను వేస్తే మంచిగ తోడుకోదేమో."

"ఎందుకు తోడుకోదు?"

"ఏమో. నా చెయ్యి మంచిది గాదు గదా."

ఏడుస్తూ అనలేదు. అలిగి అనలేదు. తన ఎత్తు ఇంత, తన క్లాసు ఇది అని చెప్పినట్టు మామూలుగా చెప్పింది. అప్పుడు గమనించడం మొదలుపెట్టాను. కరివేపాకు రెమ్మ తుంచమంటే కత్తెర వెతుక్కుంటోంది. పూలు మాల కట్టమంటే దారం పట్టుకుంటోంది గానీ పూలు అందుకోవడం లేదు. నెలసరి ఉన్న రోజులు కావు ఇవి, ఏమీ లేని రోజులు. టమాట మొక్కలు పోతే పోనీ, బజార్లో గంపలకు గంపలు దొరుకుతాయి. కానీ నా బిడ్డ తన చెయ్యి తగిలితే పచ్చగా ఉన్నది చచ్చిపోతుందని నమ్మేసింది. ఈ నమ్మకం ఇప్పుడు తీసేయకపోతే ఇది దాని పెళ్లి దాకా, దాని వంటింటి దాకా, దాని కూతురి దాకా పోతుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నేను డిగ్రీలో బాటనీ చదివాను. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ అవసరం పడలేదు. పెళ్లిచూపుల్లో ఒకసారి చెప్పారు, అంతే. పొద్దున్నే దుకాణానికి టిఫిను సర్ది పంపాక, పాత కళ్లద్దాలు పెట్టుకుని డాబా ఎక్కాను.

కింది ఆకుల నుంచి మొదలుపెట్టాను. ఆకుమాడు తెగులైతే ముదురు కింది ఆకుల మీద గోధుమరంగు మచ్చలు, మచ్చలో వలయాలు ఉంటాయి. అవి లేవు. కింది ఆకులు బాగానే ఉన్నాయి. ఎరువు చాలకపోతే ముందు పాలిపోయేది కూడా ఆ కింది ఆకులే, కాబట్టి అదీ కాదు. ఆకును తిప్పి చూశాను, కొమ్మను తట్టాను. తెల్లదోమ ఉంటే తెల్లగా పొడిలా లేవాలి, లేవలేదు. దోమ తెచ్చే ఆకుముడతలో ఆకుల అంచులు పైకి దొప్పలా ముడుచుకుంటాయి, ఇవి అలా ముడుచుకోలేదు. తెల్ల కాగితం కింద పెట్టి ఆకును దులిపితే నల్లి పాకుతూ కనిపించాలి, కాగితం శుభ్రంగానే ఉంది. రోగమంతా పైన లేత ఆకుల్లో ఉంది. ఒక ఆకును ఎండకు అడ్డంగా పట్టి చూస్తే, ముదురాకుపచ్చ, లేతాకుపచ్చ అతుకులు అతుకులుగా కలిసి ఉన్నాయి. కొన్ని చిగుళ్లు ముడతలు పడి, ఆకు వెడల్పు పోయి, సన్నగా దారాల్లా సాగాయి.

చదివింది ఇన్నేళ్ల తర్వాత ఒక్కసారిగా గుర్తొచ్చింది. మొజాయిక్ తెగులు. వైరస్. దీన్ని మోసుకొచ్చేది దోమ కాదు, చెయ్యి. రోగపు మొక్కను గిల్లిన గోటితో పక్క మొక్కను గిల్లితే చాలు, ఆ రసంతో పాటు అదీ పోతుంది.

చెయ్యి అన్న మాట గుర్తు రాగానే నాకు ఒక్క క్షణం భయమేసింది. అత్తమ్మ వింటే, "నేను చెప్పలేదా, చేతి తోటే వచ్చిందని" అంటారు. అందుకే ఇంకా ముందుకు వెళ్లాల్సి వచ్చింది. చేతుల్లోంచి వచ్చిందంటే, ఆ చేతుల్లోకి ఎక్కడి నుంచి వచ్చింది? మా కాలేజీలో బాటనీ మేడం నారుమడి దగ్గరికి తంబాకు నమిలేవాళ్లనీ, బీడీ తాగేవాళ్లనీ రానిచ్చేవారు కాదు. పొగాకు మొక్కకు కూడా ఇదే రోగం వస్తుందనీ, ఆకును ఎండబెట్టి, పొడి చేసి, పొట్లం కట్టినా ఆ వైరస్ చావదనీ చెప్పేవారు. అప్పుడు మేమంతా నవ్వుకున్నాం. ఇప్పుడు డాబా మీద ఒక్కదాన్నే నిలబడి, ఖాళీ ప్లాస్టిక్ కుర్చీ వైపు చూశాను. కుర్చీ పక్కన నేల మీద సున్నం మరకలు.

విత్తనంలోంచి కూడా రావచ్చు ఈ రోగం. నేను నిజాయితీగా చూడాలి కదా, మా ఇంటి పద్ధతిలో కాదు. అందుకే ట్యాంకు వెనక్కు వెళ్లాను. పెయింట్ డబ్బాల్లో ఉన్నవి అదే టమాట గింజలు, అదే నారు, అదే మట్టి, అదే నీళ్లు. ట్యాంకు పక్క సందు ఇరుకు, మామయ్య మోకాళ్లతో అందులోకి రాలేరు. పిల్లకు నిషేధం పడ్డాక నేనే వాటికి పొద్దున ఒక చెంబు నీళ్లు పోస్తున్నాను. ఒక్కో ఆకూ తిప్పి చూశాను. ఒక్క మచ్చ లేదు. నిగనిగలాడుతున్నాయి.

కిందికి వెళ్లి అమ్మాయిని పక్కకు పిలిచాను. "నిజం చెప్పు బిడ్డా, అప్పుడు ఆ దినాలల్ల ట్యాంకు వెనక డబ్బాలను ముట్టుకున్నవా?"

అది తలొంచుకుంది. ఇంకో నేరం బయటపడిందని అనుకుంది పాపం. "అన్నిటికన్న ఎక్కువ ముట్టుకున్నది గవే అమ్మా. కడుపునొప్పొస్తే ఆడనే కూసుంట. ఎవ్వరికి కనవడకుండ."

దాన్ని దగ్గరికి తీసుకుని, అంతా చెప్పాను. అది వింది. నమ్మలేదు. నమ్మాలని ఉంది, కానీ నమ్మలేదు. అమ్మ కదా, నన్ను వెనకేసుకొస్తుంది అన్నట్టు చూసింది.

అందుకే పరీక్ష పెట్టాలనుకున్నాను. ట్యాంకు వెనక నుంచి ఒక మంచి మొక్కను తెచ్చి, మామయ్య గిల్లే వరసలో చివర పెట్టాలి. రోగం వస్తే ఆ మొక్క పోతుంది. మొక్క అమ్మాయిది, కాబట్టి అమ్మాయినే అడిగాను. బక్కగా ఉన్నదాన్ని ఇస్తుందేమో అనుకున్నాను.

"అన్నిట్ల గట్టిదాన్నే పెట్టమ్మా. లేకుంటే అది ముందటి సందే బక్కగుండె అంటరు."

పుట్టి బుద్ధెరిగాక ఈ ఇంట్లో ఎవరి తీరు ఏమిటో అది నాకంటే బాగా తెలుసుకుంది.

గట్టిదాన్నే తెచ్చి పెట్టాను. మామయ్య సాయంత్రం వచ్చి, తంబాకు నలుపుకుని, బుగ్గన పెట్టుకుని, "అరే, గిది మంచిగున్నదే" అని ముచ్చటపడి, దాని పక్క పిలకలు కూడా గిల్లారు. నేను బట్టలు మడత పెడుతూ చూస్తూ ఊరుకున్నాను. రోజులు గడిచాయి. కొత్త చిగురు వచ్చింది. దాన్ని ఎండకు పట్టి చూస్తే అవే అతుకులు. ట్యాంకు వెనక దాని తోబుట్టువులు అలాగే నిగనిగలాడుతున్నాయి.

ఒక ఆదివారం అందరినీ డాబా మీదకు పిలిచాను. అత్తమ్మ మూతి ముడుచుకునే వచ్చారు. "పిల్లను ఎందుకు మీదికి?" అన్నారు. "తోట దానిది" అన్నాను. అమ్మాయి చివరి మెట్టు మీదే ఆగిపోయింది, చేతులు వెనక్కు పెట్టుకుని. నేను ఆకులు చూపించాను, వరస చూపించాను, ట్యాంకు వెనక్కు తీసుకెళ్లి డబ్బాలు చూపించాను. ఆ రోజుల్లో పిల్ల అన్నిటికంటే ఎక్కువ ముట్టుకున్నవి ఇవే అని చెప్పాను. తర్వాత తంబాకు సంగతి చెప్పాను.

మామయ్య ముందు నవ్వారు. "నేను చిన్నప్పటి సంది తంబాకు నములుతాన. నాకే ఏం గాలే, చెట్టుకేమైతది?"

అత్తమ్మకు కోపం వచ్చింది. "మొగోళ్ల చేతికి అంటు ఏందే? ఎన్నడన్న ఇన్నమా? చదువుకున్న అని ఏది పడితే అది మాట్లాడుడేనా?"

"అత్తమ్మా, అంటు ఆడోళ్ల చేతికి ఉంటే మీరు ఆకు సూడకుండనే ఒప్పుకున్నరు. మొగోళ్ల చేతికి ఉన్నదని అన్ని ఆకులు చూపెట్టినా ఒప్పుకోరు" అన్నాను. ఇన్నేళ్లలో ఆమెతో నేను అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. మా ఆయన పిట్టగోడ అవతలికి, రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు.

మామయ్య నవ్వు ఆపారు. తన అరచేతిని తిప్పి చూసుకున్నారు. ఆయన నా మాట పట్టుకున్నారనుకుంటాను, ఎందుకంటే వాదించకుండా ఒక్కటే అడిగారు.

"సబ్బుతోటి కడుక్కుంటే పోతదా?"

"పోతది మామయ్యా. గోళ్ల సందులు గూడ కడుక్కోవాలె."

"అయితే కడుక్కుంట తియ్. గింతదానికి ఫికరెందుకు?"

గింతదానికి. రోగపు మొక్కలన్నీ పీకి, సంచిలో కట్టి పారేశాం. వరస ఖాళీ అయింది. అమ్మాయి మళ్లీ నారు పోసింది. మెట్ల దగ్గరి నల్లా మీద మామయ్య కోసం కొత్త సబ్బు వచ్చింది. ఆయన చెప్పినట్టే రోజూ కడుక్కుని పైకి వచ్చేవారు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అత్తమ్మ గోడ మీదుగా పక్కింటావిడతో, "పాపం, గీ వయసుల చెప్తే ఇని చేతులు కడుక్కుంటాండు" అని మురిసిపోవడం నా చెవులారా విన్నాను.

మరి పిల్లకు? ఎవరూ ఏమీ చెప్పలేదు. పిలిచి, "నీ తప్పు లేదు బిడ్డా" అన్నవాళ్లు లేరు. వారాల తరబడి దాన్ని దోషిని చేసి, కింద గదిలో కూర్చోబెట్టిన ఇల్లు, అసలు సంగతి తెలిశాక ఏమీ జరగనట్టు అన్నం వడ్డించుకుని తింది. "అయిపోయింది గదా, ఇగ దాన్ని ఎందుకు పట్టుకుంటవ్" అన్నారు మా ఆయన. అయిపోయింది ఎవరికి? నేనే అమ్మాయితో అన్నాను, చూశావు కదా, నీ చెయ్యి బంగారం అని. అది తల ఊపింది.

"నువ్వు చెప్పుడు కాదమ్మా. అన్నది బాపమ్మ."

ఆ రాత్రి కూడా పాలలో తోడు నేనే వేశాను.

కొత్త నారు కుండీల్లో నిలదొక్కుకుంటున్న రోజుల్లో అమ్మాయికి మళ్లీ నెలసరి వచ్చింది. స్కూలు నుంచి వచ్చి, మొహం కడుక్కుని, మెట్ల వైపు నడిచింది. మామయ్య అప్పుడే నల్లా దగ్గర చేతులు కడుక్కుని, టవల్‌తో తుడుచుకుంటున్నారు. అత్తమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు. తల ఎత్తకుండానే, ప్రేమగానే అన్నారు.

"ఇయ్యాల మీదికి పోకు బిడ్డా. కొత్త చెట్లు ఇప్పుడిప్పుడే లేస్తానయ్. తాత చూసుకుంటడు."

అమ్మాయి ఆగింది. నేను వంటింటి గడపలో ఉన్నాను, నోరు తెరవబోతున్నాను. అది నా వైపు చూడలేదు. నల్లా దగ్గరికి వెళ్లి, తాత అప్పుడే పెట్టిన తడి సబ్బు తీసుకుని, మోచేతుల దాకా రుద్ది, గోళ్ల సందులు కూడా రుద్ది, కడుక్కుంది. నీళ్లు కారుతున్న రెండు చేతులనూ బాపమ్మ ముందు చాపింది.

"తాతకు సబ్బు సాలింది గదా బాపమ్మా. నాకెందుకు సాలది?"

మామయ్య చేతిలో టవల్ అలాగే ఉండిపోయింది. అత్తమ్మ ఆ చేతుల వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. నీ బిడ్డను నువ్వు ఆపు అని కోడలికి చెప్పే చూపు. ఇన్నేళ్లూ ఆ చూపుకు నేను తల దించుకుంటూ వచ్చాను.

"ఆకులు తడవకుండ నీళ్లు మొదట్లనే పొయ్యి బిడ్డా" అన్నాను, అందరికీ వినపడేలా. అమ్మాయి తడి చేతులతోనే మెట్లెక్కింది.